బావిలో వేలాడిన నాలుగేళ్లు

సినిమా కథ ఎలా పుడుతుందని ఎవరైనా గంభీరంగా ఉపన్యాసం మొదలుపెడితే నాకు నవ్వు ఆగదు. లాడ్జి గదుల్లో దిండ్లకు ఆనుకుని, బిర్యానీ తెప్పించుకుని, నలుగురైదుగురు కూర్చుని కథ వండుతారని విన్నాను. వండుతారేమో. నేను దగ్గరుండి చూసిన కథ ఒక్కటే. అది రోజూ పొద్దున తిరుత్తణిలో పాసింజరు బండి ఎక్కేది, మద్రాసులో దిగేది. దాన్ని కన్నది మా బావ, అంటే మా అక్క మొగుడు. నేను దానికి రాయసగాడిని, చెప్పింది రాసిపెట్టేవాడిని.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. మేము తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో ఉండేవాళ్లం. నాకు మద్రాసులో టైపిస్టు ఉద్యోగం. బావది కే.జీ.కండిగై. రెండెకరాల చెనిక్కాయల చేను, ఒక బావి, హార్బరు దగ్గర ఒక గోడౌన్లో గుమాస్తా పని. తెల్లవారకముందే సైకిలు తొక్కుకుంటూ తిరుత్తణి స్టేషనుకొచ్చి బండెక్కేవాడు. నేను తిరువళ్లూరులో అదే పెట్టెలో ఎక్కేవాడిని. పోనూ రానూ రోజుకు ఆరు గంటలు రైల్లో గడిపే మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. కొందరు నిద్రపోతారు, కొందరు పేకాడతారు. మా బావ సినిమా కథ మొదలుపెట్టాడు.

కథేమీ పెద్దది కాదు. మామకూ మేనల్లుడికీ పంపుసెట్టు దగ్గర తగాదా. మామ కూతురు హీరోయిన్. మేనల్లుడు బావి పూడిక తీయడానికి మోకు పట్టుకుని దిగితే, మామ కోపంకొద్దీ పైనుంచి మోకు సగం కోసి వెళ్లిపోతాడు. హీరో నడిబావిలో వేలాడుతూ ఉంటాడు. అక్కడికి సగం కథ. రైలు సరిగ్గా అక్కడికి ఆవడి చేరేది.

చిక్కంతా ఆవడితోనే వచ్చింది. మా పెట్టెలో కథ వినేవాళ్లు ఎనిమిదిమంది ఉంటే అందులో నలుగురు ఆవడి ఫ్యాక్టరీ కార్మికులు. హీరో బావిలో వేలాడుతుండగా వాళ్లు టిఫిను క్యారియర్లు తీసుకుని దిగిపోయేవాళ్లు. మిగతా కథ మిగిలినవాళ్లకే. సాయంత్రం బండిలో కథ ఉండేది కాదు, సాయంత్రం పేకాట. అది ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ ఎవరూ తప్పలేదు. కాబట్టి ఆవడివాళ్ల లెక్కలో ఆ హీరో బావిలోనే ఉన్నాడు. రోజూ పొద్దున బండెక్కగానే వాళ్లలో ఒక ఫిట్టరు అడిగేవాడు.

"ఏమన్నా, వాడు ఇంగా బావిలోనే ఉండాడా?"

"ఉండాడబ్బా. కూర్చో, చెప్తా," అనేవాడు బావ.

ఈ ఫిట్టరు గట్టి మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు. తన పనిలో ఎంత పట్టుదలో కథలోనూ అంతే. మిగతావాళ్లంతా హీరోయిన్ చీర రంగు గురించి పోట్లాడుకుంటుంటే అతను మోకు గురించి పోట్లాడేవాడు. సగం తెగిన మోకు మీద మనిషి ఎంతసేపు ఆగుతాడు? మోకు లావెంత? కొబ్బరిపీచుదా, నూలుదా? మనిషి బరువెంత? బావ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోబోతే, "తప్పన్నా, రేపు సినిమాలో చూసినోడు నవ్వుతాడు," అనేవాడు.

నాకు కథలంటే పిచ్చి ఉండేది. ఎప్పటికైనా నేనూ రాయాలని. అందుకని ఒక లావుపాటి నోటుపుస్తకం కొని, కుడిపేజీలో కథ, నేను ఎక్కకముందు నడిచింది ఫిట్టరును అడిగి మరీ, రాసేవాడిని, ఎడమపేజీలో కథ ఎందుకు మారిందో రాసేవాడిని. నాకు తమిళం చేతికి వచ్చినంత వేగంగా తెలుగు రాదు. అందుకని మాటలు తెలుగు, అక్షరాలు అరవం. బావ దాన్ని చదవలేడు. చదవాల్సిన పని కూడా లేదు, కథంతా ఆయన నోట్లోనే ఉండేది. ఆ ఎడమపేజీలే ఇప్పటికీ నాకు నచ్చుతాయి. "అవ్వ చావు: అరక్కోణంలో ఇంజనుకు నీళ్లు పట్టడం ఆలస్యం." "పాము: సిగ్నలు దగ్గర పదిహేను నిమిషాలు." "హీరోకు చెల్లెలు పుట్టింది: వానకు బండి నత్తలా నడిచింది." బండి టైముకు వచ్చిన రోజున అవ్వ బతికే ఉండేది, చెల్లెలు పుట్టేదే కాదు. పెద్ద పెద్దవాళ్లు ప్రేరణ అంటారే, మా కథకు అది స్టేషను మాస్టరు చేతిలోని పచ్చజెండా.

మోకు సంగతి తేల్చాలని ఫిట్టరు ఒక రోజు నిజంగానే మోకు తెచ్చాడు. సామాన్లు పెట్టే పైబల్లకు దాన్ని కట్టి, "అన్నా, నువ్వు పట్టుకోని యాలాడు. హీరో మాటలన్నీ చెప్పు. ఎంతసేపు చెప్పగలవో చూస్తాం," అన్నాడు. అప్పటికి హీరో బావిలోంచి చెప్పే మాటలు నా పుస్తకంలో రెండు పేజీలు. తల్లి గురించి ఒక పేజీ, న్యాయం గురించి ఒక పేజీ. బావ వెనకాడే మనిషి కాదు. పంచె ఎగ్గట్టి, మోకు పట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని వేలాడుతూ, "అమ్మా, నీ కడుపున పుట్టి..." అని అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే టికెట్ కలెక్టరు వచ్చాడు. ఆయన అందరినీ చూసి, పైనుంచి వేలాడుతున్న మనిషిని చూసి, ఏమీ వింత కానట్టు, "పాసు," అన్నాడు తమిళంలో.

"జేబులో ఉండాది సార్. చెయ్యి వదిలితే పడిపోతా," అన్నాడు బావ.

"దిగు."

"సార్, దిగితే లెక్క తప్పిపోతుంది," అన్నాడు ఫిట్టరు గడియారం చూస్తూ.

సంగతి తెలుసుకున్నాక ఆయన కోప్పడలేదు. బావ జేబులో తనే చెయ్యి పెట్టి పాసు తీసి, చూసి, మళ్లీ పెట్టాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "బావిలో వేలాడేవాడు తల్లి గురించి మాట్లాడడు. మోకు గురించే మాట్లాడతాడు," అని పోయాడు. అంతటితో రెండు పేజీలు నాలుగు వాక్యాలయ్యాయి. ఎడమపేజీలో "టికెట్ కలెక్టరు" అని రాసుకున్నాను. ఆ నాలుగేళ్లలో ఆ కథకు జరిగిన మేళ్లలో అది పెద్దదని ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత ఆవడివాళ్లు తిరగబడ్డారు. రెండేళ్లుగా వింటున్నాం, వాడు పైకి రావడం మా కళ్లతో చూడాలి, ఆవడికి ముందే వాణ్ని లాగండి అన్నారు. లాగితే మిగిలినవాళ్లకు కథేముంది? తిరువళ్లూరులో నాతోపాటు ఎక్కే ట్రెజరీ గుమాస్తా ఒకాయన ఉండేవాడు, ఏ విషయాన్నయినా ఫైలులా చూసే మనిషి. ఆయన రాజీ కుదిర్చాడు. ఆవడికి రెండు స్టేషన్ల ముందు హీరోను పైకి లాగాలి, ఆవడిలో మళ్లీ పడేయాలి. ఆవడివాళ్లు చప్పట్లు కొట్టారు. అలా మా హీరో రెండుసార్లు బావిలో పడ్డాడు. రెండోసారి ఎందుకు పడ్డాడో చివరిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

రెండో సగంలో అందరికీ నచ్చిన మాట ఒకటుండేది. హీరోయిన్ బావి గట్టు మీదికొచ్చి, వేలాడుతున్న హీరోను చూసి, ఏడవకుండా, "దిగినోడివి ఎట్లాగూ దిగినావు, ఆ బిందె ముంచుకోని రా," అంటుంది. అది వినగానే ట్రెజరీ గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేవాడు. "ఈ ఒక్క మాటకు సినిమా నూర్రోజులు పోతుంది సార్," అనేవాడు. బావ గడ్డం నిమురుకునేవాడు.

గడ్డం సంగతి చెప్పాలి. కథ మొదలుపెట్టిన రోజునే బావ తిరుత్తణి కొండకు పోయి మొక్కుకుని వచ్చాడు. "నా కథను ఒక్క మనిషి, మొదలు నించి కొస దాకా, ఒకేసారి కూర్చోని వింటే నీకు తలనీలాలు ఇస్తా స్వామీ. అందాకా కత్తి తగలనీను." కథ అమ్ముడుపోవాలని కాదు, సినిమా రావాలని కాదు. ఒక్క మనిషి పూర్తిగా వినాలి, అంతే. అదేం పెద్ద కోరిక అనిపించింది మాకు. కానీ చూడండి, తిరుత్తణిలో ఎక్కినవాళ్లు ఆవడిలో దిగేవాళ్లు. చివరిదాకా ఉండేవాళ్లేమో నాలాగా తిరువళ్లూరులో ఎక్కేవాళ్లు. నేను అన్ని ముక్కలూ విన్నాను, ముక్కలుగానే విన్నాను. నాలుగేళ్లు పోయేసరికి బావ జుట్టు భుజాల మీదికి, గడ్డం బొడ్డు మీదికి వచ్చాయి. రైల్లో కొత్తవాళ్లు ఎవరో సాములవారనుకుని లేచి సీటిచ్చేవాళ్లు. పుత్తూరు నుంచి వచ్చే ఒక ముసలామె రోజూ కాళ్లకు దండం పెట్టేది. ఆశీర్వదించి మళ్లీ పాము ఘట్టం అందుకునేవాడు. పైకి నవ్వేవాడు గానీ, ఒకసారి మద్రాసుకు ముందు స్టేషను బేసిన్ బ్రిడ్జి దగ్గర కథ చివరికొచ్చేసరికి పెట్టెలో నేనొక్కణ్నే మేలుకుని ఉన్నాను. బావ చుట్టూ చూసి, "ఇది ఎవురికీ ముట్టదేమో బామ్మర్దీ," అన్నాడు.  నేను పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

అక్క కథ గురించి ఎప్పుడూ అడగలేదు. చీకటితోనే లేచి మొగుడికి చిత్రాన్నం, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి కట్టిచ్చేది. మొదట ఒక్కడికి. పెట్టెలోవాళ్లు రుచి చూశాక ఇద్దరికి, నలుగురికి, చివరికి ఎనిమిదిమందికి. సాయంత్రం గిన్నె తిరిగొస్తే మూత తీసి చూసేది. అడుగుదాకా ఖాళీగా ఉంటే ఊరుకునేది. మిగిలి ఉంటే, "ఈ పొద్దు తగాదా జాస్తిగా ఉన్నెట్టుండాదే," అనేది. అంతే. ఇంటికొచ్చాక బావకు తిని పడుకోవడమే, ఆదివారం చేను. అక్కకు ఆసక్తి లేదని బావ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

ఇంతలో తిరువళ్లూరు దాకా కరెంటు బండి వచ్చింది. అరగంట ఆలస్యంగా బయల్దేరినా ముందే చేర్చే బండి. ట్రెజరీ గుమాస్తా మొదటివారమే అందులోకి మారిపోయాడు. "కళకన్నా అరగంట నిద్ర మేలు సార్," అన్నాడు నాతో, సిగ్గుపడకుండా. మరో ఇద్దరు అదే దారి పట్టారు. నేను మారలేదు, బావ ముఖం చూసి. ఆవడి దాటాక పెట్టెలో బావ, నేను, ఒక నిద్రపోయే పోస్టుమాన్ మిగిలాం. ఇక ఆలస్యం చేస్తే వినేవాళ్లే ఉండరని బావకు భయం పట్టుకుంది. మా ఆఫీసులో ఒకాయన బంధువు కోడంబాకంలో సినిమా కంపెనీ మేనేజరు. ఆయన కాళ్లావేళ్లా పడి ఒక నిర్మాత దగ్గర రెండు గంటలు సంపాదించాను.

ఆ రోజు బావ ఉతికిన పంచె కట్టాడు. అక్క ఆ రోజూ ఎనిమిదిమందికి కట్టిచ్చింది. నిర్మాత మంచివాడే. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. బావ గడ్డం చూసి ఆయన లేచి నమస్కారం కూడా చేశాడు. బావ కూర్చున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఏమైంది బావా?" అన్నాను చెవిలో.

"కదలడం లేదబ్బా," అన్నాడు.

కుర్చీ కదలడం లేదని నాకు అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. ఇక చేసేది లేక నేను పక్కన కూర్చుని కాలితో నేల మీద దడదడ తాళం వెయ్యడం మొదలుపెట్టాను. అప్పుడు కథ కదిలింది. కదిలిందంటే అలా ఇలా కాదు. పంపుసెట్టు, తగాదా, అవ్వ, పాము అన్నీ వరసగా వచ్చాయి. అరక్కోణం ఘట్టం రాగానే బావ ఆగి, కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, మళ్లీ కూర్చున్నాడు. నిర్మాత అది అభినయం అనుకున్నాడు. తిరువళ్లూరు రాగానే కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నిర్మాత ముందుకు వంగి వింటున్నాడు. హీరో పైకొచ్చాడు, రెండోసారి పడ్డాడు, మోకు సగం తెగింది, వేలాడుతున్నాడు.

బావ ఆగాడు.

ఆవడి వచ్చింది మరి. నలుగురు దిగాలి. క్యారియర్లు తీసుకోవాలి, చెప్పులు వెతుక్కోవాలి. నాలుగేళ్లుగా అక్కడ ఆగిన నోరు అక్కడే ఆగింది. చేతులు కట్టుకుని, తల దించుకుని, దిగేవాళ్లు దిగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేనూ పుస్తకం మూసి కాళ్లు పక్కకు ముడుచుకున్నాను, వాళ్లు దాటిపోవడానికి.

నిర్మాత కాసేపు చూశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. లేచి బావ రెండు చేతులూ పట్టుకుని, "చాలా గొప్పగా ముగించారండీ. హీరోను అలా వదిలేయడం నేనెక్కడా చూడలేదు. కానీ జనం ఒప్పుకోరు, కుర్చీలు విరగ్గొడతారు. మంచి ముగింపు ఆలోచించుకుని ఎప్పుడైనా రండి," అన్నాడు. గుమ్మం ముందు ఆయన కారు సిద్ధంగా ఉంది. బావ ఊపిరి పీల్చుకుని, "అప్పుడు ఆ పిల్ల గట్టు మీదికొచ్చి..." అనేసరికి కారు గేటు దాటింది.

మర్నాడు పెట్టెలో పంచాయతీ జరిగింది. మొక్కు తీరినట్టా, తీరనట్టా? ట్రెజరీ గుమాస్తా ఈ సంగతి కోసమే ఒక రోజు కరెంటు బండి మానుకుని వచ్చాడు. "సగం విన్నాడు కాబట్టి సగం గుండు కొట్టించుకోవచ్చు," అని తేల్చాడు. ఎడమ సగమా కుడి సగమా అని ఆవడివాళ్లు రెండు పక్షాలయ్యారు. ఫిట్టరు ఒక్కడే బావ పక్కన కూర్చుని, "అన్నా, ఫ్యాక్టరీకి లీవు పెట్టి ఒక పొద్దు మద్రాసు దాకా వస్తా. వాడు పైకొచ్చేది నేనూ చూడాల," అన్నాడు. కానీ అతనికి లీవు దొరకలేదు. బావ ఆ వారమంతా కథ చెప్పలేదు. నాలుగేళ్లలో మొదటిసారి మా పెట్టెలో చక్రాల చప్పుడు వినిపించింది.

శనివారం మధ్యాహ్నం కే.జీ.కండిగై పోయాను. బావ గోడౌనుకు పోకుండా చేనులో ఉన్నాడు. అక్క వారం రోజులుగా నిండుగా తిరిగొస్తున్న గిన్నెను తోముతూ నన్ను అడిగింది.

"మొక్కులో కంపెనీ వోడే వినాలని చెప్పినాడా?"

"లేదక్కా. ఒక్క మనిషి అన్నాడు."

"నేను మనిషిని గాదా?"

 ఇంట్లోనే చెప్పించుకోవచ్చు కదా అన్నాను. "ఇంట్లో ఆయనకు రాదులే, కుర్చీ కదలాల గదా," అంది. నిర్మాత ఇంటి సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. అక్క అప్పటిదాకా తిరువళ్లూరు దాటి ఎరగదు.

ఆదివారం బండి ఖాళీగా ఉంటుంది. నేను తిరువళ్లూరులో ఎక్కేసరికి బావ ఎప్పటి చోటులో కూర్చున్నాడు, ఎదురుగా అక్క. అలవాటు చొప్పున ఎనిమిదిమందికి చిత్రాన్నం తెచ్చింది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుని, పక్కన కూర్చోమని సైగ చేసింది. అవ్వ అప్పుడే చనిపోయింది. అక్క ఏడవలేదు, తల ఊపలేదు, "ఊఁ" కొట్టలేదు. గింజల్లో రాళ్లేరేటప్పుడు ఎలా చూస్తుందో అలా బావ ముఖంలోకి చూస్తూ వింది. హీరో పైకొచ్చాడు. మళ్లీ పడ్డాడు. మోకు సగం తెగింది.

ఆవడి వచ్చింది. బావ ఆగాడు. ఆదివారం కదా, ఎవరూ దిగలేదు. అయినా ఆగాడు. బండి కూత వేసి కదిలింది. బావ అలాగే తల దించుకుని కూర్చున్నాడు.

"ఏంటికి నిలిపేసినావు?" అంది అక్క. "నేనేమీ ఈడ దిగేదాన్ని కాదే."

బావ తలెత్తి ఆమెను చూశాడు.  తర్వాత గొంతు సవరించుకుని, "అప్పుడు ఆ పిల్ల గట్టు మీదికొచ్చి," అని అందుకున్నాడు. "కిందికి తొంగి చూసింది. ఏడవలా. దిగినోడివి ఎట్లాగూ దిగినావు, ఆ బిందె ముంచుకోని రా, అనింది."

అక్క ముందుకు వంగింది.

"ఇది నేను అనింది గదా," అంది. "మన బావి పూడిక తీసేటప్పుడు. నిన్ను."

"అవును."

"ఎనిమిదిమంది విన్నారా ఇది?"

"నాలుగేండ్లుగా. అందరూ నవ్వతారు."

"నాకేమీ చెప్పలేదే నువ్వు."

"నువ్వు అడగలేదు గదా."

అక్క కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. రైలు బొగ్గు కళ్లల్లో పడిందేమో అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. మళ్లీ ఇటు తిరిగి, "సెరి, ఆ మాట ఇంగోసారి చెప్పి ఆ పైన చెప్పు," అంది. బావ చెప్పాడు. నేను పుస్తకం తెరవలేదు. బేసిన్ బ్రిడ్జి దగ్గర కథ అయిపోయింది. సిగ్నలు ఇవ్వక బండి అరగంట నిలబడిపోయింది. ఆ అరగంటలో ఆ కథకు ఎవరూ ఏమీ కలపలేదు. ముగ్గురం చిత్రాన్నం తిన్నాం, అక్క గిన్నె మూత తీసి చూసి మూసింది.

ఆ సాయంత్రమే బావ కొండకు పోయి గుండు చేయించుకుని, మర్నాడు ఆ గుండుతోనే బండెక్కాడు. పుత్తూరు ముసలామె ఆయనను గుర్తుపట్టలేదు. ఎవరూ లేచి సీటివ్వలేదు. మద్రాసు దాకా నిలబడే వచ్చాడు.